హ్యాట్‌బాక్సు జయరాముడు

మా ధర్మవరం జయరాముడికి ఉన్న పిచ్చి ఒక్కటే, రైలు ప్రయాణంలో పనికొచ్చే ఇంగ్లీషు వాక్యాలు నేర్చుకోవడం. మంచిదే కదా, ఇందులో పిచ్చేముంది అంటారేమో. ఆయన రైలెక్కడు. స్టేషను వాళ్ల వీధికి కూతవేటు దూరంలో ఉన్నా ఆ వైపు పోడు. పొద్దున్నే లేచి, వేపపుల్ల నోట్లోంచి తీసి, "ఈజ్ దిస్ సీట్ వేకెంట్?" అని ఇంటి అరుగును అడుగుతాడు. ఈ సీటు ఖాళీయేనా అని. అరుగు ఏమీ అనకపోతే దాని మీద కూర్చుంటాడు.

డెబ్భైల మొదట్లో నేను ఆ నేతగాళ్ల వీధి బడికి పంతులుగా వచ్చాను. జయరాముడి ఇంట్లోనే సగం నాకు అద్దెకిచ్చారు. మధ్యలో ఒక మట్టిగోడ, అదీ కప్పు దాకా లేదు. గోడలకు చెవులుంటాయంటారు, ఈ గోడకు నోరుండేది. తెల్లారింది మొదలు దాని అవతల టక్కు టక్కుమని మగ్గం, మగ్గంతో పాటే ఇంగ్లీషు.

పట్టుచీర నేయడం ఒక్క మనిషి పని కాదు. జయరాముడు మగ్గం గుంతలోకి కాళ్లు దింపి పలకలు తొక్కుతూ నడుమ దారం మోసే నాడె విసిరితే, ఆయన భార్య సుంకమ్మ పక్కన గట్టు మీద కూర్చుని అంచు నాడె విసరాలి. ఇద్దరిలో ఎవరు ఏమరినా చీర చెడుతుంది. ఆయన తన ఇంగ్లీషును ఈ తాళానికే కట్టుకున్నాడు. "విచ్ ప్లాట్‌ఫారం" అంటే ఎడమకాలు, "ఫర్ బాంబే మెయిల్" అంటే కుడికాలు, "సర్" దగ్గర దెబ్బ. బొంబాయి మెయిలు ఏ ప్లాట్‌ఫారానికి వస్తుందండీ అని అడిగిన కొద్దీ చీర ముందుకు జరిగేది.

ఆయన అడిగితే పుస్తకం తెచ్చిపెట్టింది నేనే. అనంతపురంలో పాత పుస్తకాల కుప్పలో దొరికింది. తెల్లదొరలు ఈ దేశంలో రైలెక్కే కాలంలో ఆ దొరల కోసమే రాసినట్టున్నారు. జనరల్ బోగీ ఊసే లేదు. భోజనాల బోగీ ఎక్కడుంది, నా టీ చల్లారిపోయింది, మా దొరసాని మూర్ఛపోయింది, అన్నీ ఈ వరసే. వాటన్నిటిలోకి జయరాముడికి ప్రాణమైపోయిన వాక్యం ఒకటుంది. "పోర్టర్, మై హ్యాట్‌బాక్స్ ఈజ్ మిస్సింగ్!"

"అంటే ఏమి అయివారూ?" అని గోడ మీదుగా అడిగాడు.

"కూలీ, నా టోపీపెట్టె కనపడలేదు అని."

"టోపీకి పెట్టెనా! టోపీ ఉండేది నెత్తిన కదప్పా. పెట్టెలో పెడితే నెత్తికేమి పెడతారు?"

"ఇంకో టోపీ పెడతారేమో."

"బాగుండాది. మా నాయనకు ఉండేది ఒగే తలగుడ్డ. అది కనపడకపోతే ఇల్లంతా ఎతికేటోళ్లం. వీళ్లు కూలోన్ని పిలిచి చెప్పి కూసుంటారా?"

"మనకెందుకులే, ఇది వదిలేద్దాం."

"అట్ల కాదు. రేపు అవసరం పడితే యాడికి పోవల్ల?"

అవసరం పడలేదు గానీ వాడకం బాగా పడింది. చెప్పు కనపడకపోతే హ్యాట్‌బాక్స్. మేక తప్పిపోతే హ్యాట్‌బాక్స్. కూరలో ఉప్పు లేకపోతే కంచం ముందు కూర్చుని "పోర్టర్!" అని కేకేసేవాడు. నెల తిరక్కుండానే వీధి మొత్తానికి ఆయన హ్యాట్‌బాక్సు జయరాముడైపోయాడు.

ఇంకో చిక్కుంది. మగ్గం మీద వచ్చిన చదువు కాబట్టి కాళ్లు ఆడితేనే ఆయన నోరు ఆడేది. నిలబెట్టి అడిగితే ఒక్క ముక్క రాదు. వీధి చివర టీ అంగడి నడిపే ఎర్రన్న ఆయన కోసమే ఒక ముక్కాలిపీట చేయించి పెట్టాడు.

"హ్యాట్‌బాక్సన్నా, ఒగ మాట ఇడువు" అనేవాడు ఎర్రన్న.

"నిలబడి రాదప్పా."

"అందుకే కదన్నా పీట. కూసో. తొక్కు."

జయరాముడు కూర్చుని లేని పలకలు తొక్కుతూ, "వేర్ ఈజ్ ది డైనింగ్ కార్?" అని భోజనాల బోగీ గురించి వాకబు చేసేవాడు. టీ తాగేవాళ్లు గ్లాసులు కింద పెట్టి మరీ నవ్వేవాళ్లు. ఆయన కూడా నవ్వి, "ఇంగొగటి కావల్నా?" అని అడిగి, అడగకపోయినా ఇంకొకటి చెప్పేవాడు.

ఇంత సాధన చేసినా జ్ఞాపకం మాత్రం చిల్లుకుండ. గోడ అవతల రోజూ ఇదే గోల.

"ఏమే, నిన్న చెప్పుకొన్న మాట ఏమిదే? ఈజ్ దిస్ సీట్... సీట్..."

"నాకేమి తెలుస్తాది? చెయ్యి ఆడించు ముందు."

"రవ్వంత గురుతు చెయ్యే. పుణ్యముంటాది."

"వేకెంటు."

"ఆ, వేకెంటు! ఇంగ అది, ప్లాట్‌ఫారం మాట?"

"విచ్ ప్లాట్‌ఫారం ఫర్ బాంబే మెయిల్. దినామూ చెప్తావు, దినామూ మర్చిపోతావు. నీ తలకాయలో పడుగు ఉండాది గానీ పేక లేదు."

సుంకమ్మ ఇంత గట్టిగా మాట్లాడేది ఆ గోడల మధ్యే. వీధిలోకి వస్తే నోరు మెదిపేది కాదు. కొళాయికి కూడా అందరూ వెళ్లొచ్చాక వెళ్లేది. దానికి కారణం షోలాపురం.

తల్లి పోయాక సుంకమ్మను పెంచింది అక్క ఓబులమ్మ. అక్క మొగుడికి షోలాపురం మిల్లులో పని దొరికితే, చంటిపిల్లను ఎత్తుకుని అక్క కూడా వెళ్లిపోయింది. పెళ్లయిన కొత్తలో జయరాముడు భార్యను తీసుకుని అక్క ఇంటికి బయల్దేరాడు. అప్పట్లో మా వైపు నడిచేది చిన్న రైలు. గుంతకల్లులో దిగి పెద్ద రైలుకు, షోలాపురం మీదుగా పోయే బొంబాయి మెయిలుకు, మారాలి. గుంతకల్లులో ఎటు చూసినా రైళ్లే, ఎవరిని అడగాలో తెలియదు, ఏ భాషలో అడగాలో అంతకంటే తెలియదు. అప్పుడు సుంకమ్మ కంటికి ఒక బోగీలో దుప్పట్లు పరుచుకుంటున్న కుటుంబం కనపడింది. నేసేవాళ్ల కన్ను కదా, అంచు చూసీ చూడగానే పోల్చుకుంది. అవి షోలాపురం దుప్పట్లు. "ఇదే మన రైలు, ఎక్కు" అంది. ఎక్కారు. దుప్పట్లు షోలాపురానివే, అందులో తప్పు లేదు. కాకపోతే వాళ్లు అక్కడ కొనుక్కుని సొంతూరికి తిరిగిపోతున్నారు. తెల్లారి లేచి చూస్తే కడప.

షోలాపురం ఉత్తరాన, కడప దక్షిణాన. చేతిలో ఉన్నదంతా తిరుగు టికెట్లకే సరిపోయింది. అక్కను చూడకుండానే ఇల్లు చేరారు. వీధి దీన్ని వదిలిపెడుతుందా? మేక దారి తప్పితే "సుంకమ్మ షోలాపురం పోయింది" అనేవాళ్లు. పిల్లవాడు పరీక్ష తప్పితే సుంకమ్మ షోలాపురం. పెళ్లి సంబంధం బెడిసికొడితే సుంకమ్మ షోలాపురం. నేను కొత్తగా వచ్చినప్పుడు ఆ మాట వినని రోజు లేదు. మళ్లీ బయల్దేరదామని జయరాముడు అంటే ఆమె తల అడ్డంగా తిప్పేది. "నన్ను నమ్ముకోని రైలెక్కితే కడపే. నేను రాను" అనేది.

రాను అంది గానీ మనసు ఊరుకోవాలి కదా. మధ్యాహ్నం గుంతకల్లు వైపు పోయే బండి కూత వేసినప్పుడు సుంకమ్మ చెయ్యి నాడె మీద ఆగిపోయేది. మగ్గం చప్పుడులో ఆ ఖాళీ నాకు ఇవతలికి వినపడేది. అక్కకు తల నెరిసిందో లేదో, తాను ఎత్తుకు తిప్పిన చంటిది ఎంత పొడుగైందో, ఇవేవీ ఆమె ఎవరితోనూ అనేది కాదు. కూత సద్దుమణిగాక మగ్గం మళ్లీ కదిలేది. ఆ చోట అంచు కొంచెం సడలేది.

చీరలు తీసుకునే శావుకారు హనుమంతప్ప వాటిని వెలుగుకు పట్టి చూసేవాడు. ఆయన కంటికి ఆవగింజ కూడా దాగదు.

"ఏమప్పా జయరాముడూ, ఈడ అంచు సడలిండాదే?"

"నాదే తప్పు శావుకారూ. ఇంగ్లీషు ద్యాసలో కాలు తప్పినాది."

"నీ ఇంగ్లీషు తగలెయ్య! మగ్గం మీద కూసోని రైలెక్కేది ఏమిటికప్పా?"

మగడి కాలు తప్పితే భార్య నేసే అంచు ఎందుకు సడలుతుందని శావుకారు అడగలేదు. నాకూ తోచలేదు.

పోనీ అక్కనైనా రమ్మందామంటే, పిలిచి పెట్టడానికి ఇంట్లో ఏముంది? మా జిల్లాలో దేనికైనా వాన కావాలి. "వాన పడల్ల, శెనక్కాయ పండల్ల, పెండ్లిండ్లు కావల్ల, చీరలు పోవల్ల, అప్పుడే షోలాపురం మాట" అనేవాడు జయరాముడు. మబ్బు వచ్చేది, మా నెత్తిన కాసేపు నిలబడేది, తీరిగ్గా కర్ణాటకకు పోయేది. "దానికి గూడా ఇంగ్లీషు రాదప్పా. యాడ దిగల్లో తెలీదు" అని నిట్టూర్చేవాడు. ఆ కరువు ఎండల్లో పల్లెల నుంచి జనం నెత్తిన మూటలతో పనులు వెతుక్కుంటూ మా వీధి గుండా స్టేషనుకు నడిచేవాళ్లు. సుంకమ్మ గడప పట్టుకుని వాళ్లు మలుపు తిరిగేదాకా చూసేది. ఊరు విడిచిపోతున్నారని జాలిపడేదో, రైలెక్కుతున్నారని కుళ్లుకునేదో, రెండూ ఉండేవనే నేననుకుంటాను.

ఎమర్జెన్సీ పోయాక ఒక ఏడు వాన దారి తప్పకుండా మా దగ్గరే దిగింది. శెనక్కాయ పండింది. పెళ్లిళ్లు మొదలయ్యాయి, మగ్గాలకు ఊపిరాడనంత పని. అప్పుడే షోలాపురం నుంచి పట్టు కోసం వచ్చిన దూరపు చుట్టం బాలప్ప కబురు తెచ్చాడు. ఓబులమ్మ కూతురికి, ఆ చంటిదానికి, పెళ్లి.

"మీ అక్క ఒగే మాట చెప్పి పంపింది సుంకమ్మా. నా చెల్లెలొచ్చి పసుపు పెడితేనే పిల్లను పీట మీద కూసోబెడతా అన్నాది."

బాలప్ప వెళ్లాక గోడ అవతల మాటలు వినపడ్డాయి.

"నేను రాను. నువ్వు పోయిరా."

"నేను పోతే? పసుపు పెట్టేది నేనా? మీసాలాయప్ప పసుపు పెడితే ఆ పిల్ల పీట దిగి పరిగెత్తదా?"

"నా వల్ల మల్ల కడప పోతే? ఈసారి పెండ్లే ఆగిపోతాది."

"నువ్వు నోరు తెరవొద్దే. ఊరికే నా ఎనకంబడి రా. అంతా ఇంగ్లీషులో నేను చూసుకుంటా. ఇన్నేండ్లు నేర్చింది యాలకు?"

సుంకమ్మ చివరికి, "అట్లయితే పెండ్లికూతురి చీర మనమే నేద్దాం" అంది. నేశారు. మధ్యాహ్నం బండి రోజూ కూత వేసింది, ఆమె చెయ్యి మాత్రం ఆగలేదు. ఆ చీరను శావుకారు హనుమంతప్ప ఎంత వెలుగుకు పట్టినా సడలిన చోటు దొరికేది కాదు.

మా మామగారిల్లు గుంతకల్లులోనే. అక్కడిదాకా నేనూ వస్తానన్నాను. జయరాముడి ఇంగ్లీషు నిజం రైల్లో ఎలా నడుస్తుందో చూడాలని నాకు మహా ఆత్రంగా ఉంది. ఆత్రం నా ఒక్కడిదే కాదు, వీధి వీధంతా స్టేషనుకు తరలి వచ్చింది. ఎర్రన్న ఏకంగా ముక్కాలిపీట కిటికీలోంచి లోపలికి తోశాడు. "తీస్కపో అన్నా. దావలో మాటలు రాకపోతే ఏమి చేస్తావు?"

చిన్న రైల్లో అంతా బాగానే సాగింది. జయరాముడు ఎదురుగా కూర్చున్న ముసలామెను ఇంగ్లీషులో పలకరించాడు. బల్ల కింద కాళ్లు జోరుగా తొక్కుతున్నాయి, ఆమె గంప అడుగు ఊడేట్టుంది.

"ఏమప్పా, కాళ్లకు వాతమా?" అని ఆమె జాలిపడింది. "ఆముదం కాంచి రాయి నాయనా. మా ఇంటాయనకు అట్లే ఉన్న్యాది."

గుంతకల్లులో దిగాం. కన్నడం, హిందీ, మరాఠీ, అరవం కలగలిసిన గోల. సుంకమ్మ ఒక చంకలో చీర మూట, ఇంకో చేత్తో మగడి పంచె కొస పట్టుకుంది. ఎదురుగా ఒక పెద్ద రైలు ఆగి ఉంది. దాని కిటికీలో ఎవరో దుప్పట్లు దులుపుతున్నారు. మళ్లీ షోలాపురం అంచే. సుంకమ్మ మగడి పంచె కొస పట్టి లాగింది.

"అడుగు" అంది మగడితో, ఆ దుప్పట్ల మీంచి చూపు తిప్పకుండా.

జయరాముడు టికెట్ కలెక్టరు నల్లకోటు ముందుకు వెళ్లి నిలబడ్డాడు. నోరు తెరిచాడు, మూశాడు, తిరిగొచ్చాడు.

"మాట రాలేదే."

"ఎట్ల రాదు? దినామంతా అదే కదా!"

"నిలబడిండా కదా."

నేను పీట వేశాను. కూర్చుని తొక్కాడు. చుట్టూ జనం మూగారు, ఎవరో చిల్లర కూడా వెయ్యబోయారు. "సర్..." అన్నాడు. "హ్యాట్‌బాక్స్..." అన్నాడు. అంతకుమించి బండి కదల్లేదు. "మగ్గం గుంత ఉండల్ల అయివారూ. గుంత లేకుంటే రాదు" అన్నాడు నీరసంగా.

"నేను అడిగొస్తానుండు" అని నేను కదిలితే నా చెయ్యి పట్టుకుని వెనక్కి లాగాడు. నీరసపడ్డ మనిషి పట్టులా లేదది.

దుప్పట్ల రైలు కూత వేసింది. సుంకమ్మ ఆ రైలును చూసింది, పీట మీద కూలబడ్డ మగణ్ణి చూసింది, చంకలో చీర మూటను చూసుకుంది. కొంగు నడుముకు బిగించి నల్లకోటు దగ్గరికి నడిచింది.

"ఎక్స్‌క్యూజ్ మీ, సర్." ఆమె కుడిచెయ్యి నాడె విసిరినట్టు గాలిలో ఆడింది. "విచ్ ప్లాట్‌ఫారం..." చెయ్యి అటు. "ఫర్ బాంబే మెయిల్?" చెయ్యి ఇటు.

టికెట్ కలెక్టరు ఆమెను ఎగాదిగా చూసి, "ఆ మెట్లెక్కి అవతల దిగమ్మా. మూడో నంబరు. ఇంగా టైముండాదిలే" అన్నాడు, మా వీధివాళ్లను మించిన తెలుగులో.

సుంకమ్మ కదల్లేదు. "ఇంగ్లీషులో అడిగితే ఇంగ్లీషులోనే చెప్పల్ల సార్. ఊరికే నేర్చినామా?"

ఆయన నవ్వబోయి, ఆమె మొహం చూసి మానుకున్నాడు. కోటు సర్దుకుని, "ప్లాట్‌ఫారం నంబర్ త్రీ, మేడం" అన్నాడు.

"థాంక్యూ, సర్."

వెనక్కి తిరిగిన ఆ మొహం నాకిప్పటికీ గుర్తుంది. తొలివాన పడిన రోజు మా జిల్లా జనం మొహాలు అలా ఉంటాయి. ఆమె నేరుగా మగడి ముందుకొచ్చి, "లే. పెట్టె ఎత్తుకో. పోర్టర్!" అంది. పోర్టరు కిక్కురుమనకుండా పెట్టె నెత్తికెత్తుకుని ఆమె వెనక మెట్లెక్కాడు. పీట నా వంతుకు వచ్చింది.

మెయిలు వచ్చింది. సుంకమ్మ ఒకాయన్ని "ఈజ్ దిస్ సీట్ వేకెంట్?" అని అడిగి మరీ కిటికీ పక్కన కూర్చుంది. జయరాముడు కూజాలో నీళ్లు పట్టడానికి దిగాడు. అంతలో ఒక సిపాయి ట్రంకుపెట్టె ఈడ్చుకుంటూ రొప్పుతూ వచ్చి, ఇది మద్రాసు రైలా అని ఆయన్ను ఇంగ్లీషులో అడిగాడు.

"నో సర్. దిస్ ఈజ్ బాంబే మెయిల్" అన్నాడు జయరాముడు తడుముకోకుండా. "మద్రాస్ ట్రైన్, అదర్ ప్లాట్‌ఫారం. ప్లీజ్ గో క్విక్."

నేను ఆయన కాళ్ల వంక చూశాను. రెండూ నేల మీద నిటారుగా, గుంజల్లా ఉన్నాయి.

"జయరాముడూ, కాలు కదల్లేదే!"

ఆయన కిటికీ వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించాడు. "మెల్లగ అయివారూ, ఆయమ్మ ఇంటాది."

"అయితే ఇందాక?"

"నేను అడిగింటే నేను పిల్చుకోని పోయినట్లయితాది. ఆయమ్మ అడిగింది కాబట్టి ఆయమ్మే పోతాండాది. అక్క ముందర రవ్వంత తల ఎత్తుకోని నిలబడల్ల కదా."

"మరి ఎర్రన్న పీట? ఆ తొక్కుడు? ఇన్నేళ్ల మతిమరుపు?"

"నేను మర్చిపోతేనే కదా ఆయమ్మకు నోటికొచ్చేది. ఇంగ పీట అంటే, మా వీదికి నవ్వేకి ఏదో ఒగటి కావల్లప్పా. కొళాయి కాడ షోలాపురం, అంగట్లో షోలాపురం. ఆయమ్మ ఇంట్లోంచి బయటికి రాలేకపోయె. నవ్వొద్దండ్రా అంటే మానుతారా, ఇంగా నవ్వుతారు. అంతకన్నా మంచి నవ్వు చూపిస్తే దాన్ని ఇడిసిపెట్టి ఈడికి వస్తారులే అనుకొంటి. వచ్చిరి. మీ హ్యాట్‌బాక్సు శానా పనిచేసింది అయివారూ."

నిజమే. సుంకమ్మ షోలాపురం అన్న సామెత ఆఖరుసారి ఎప్పుడు విన్నానో ఎంత తన్నుకున్నా గుర్తురాలేదు. నాకు ఆయన్ను కౌగిలించుకోవాలనిపించింది. కానీ చేతిలో ముక్కాలిపీట ఉంది, ఆయన చేతిలో కూజా ఉంది, రైలేమో కూత వేసింది.

కిటికీలో సుంకమ్మ తల బయటికొచ్చింది. పక్క సీటు ఖాళీ. మగడు ప్లాట్‌ఫారం మీద నిలబడి నాతో కబుర్లాడుతున్నాడు. రైలు కదిలింది. ఆమె చెయ్యి చాపి వేలితో ఆయన్నే చూపిస్తూ, గుంతకల్లు జంక్షన్ అంతా వినపడేట్టు కేకేసింది.

"పోర్టర్! మై హ్యాట్‌బాక్స్ ఈజ్ మిస్సింగ్!"

"కమింగ్ మేడం! కమింగ్!" అంటూ హ్యాట్‌బాక్సు పంచె ఎగ్గట్టి, కూజాలో నీళ్లు దారంతా చల్లుకుంటూ పరుగెత్తి, ఎవరో అందించిన చెయ్యి పట్టుకుని ఎక్కింది. మలుపు తిరిగేదాకా కిటికీలోంచి సుంకమ్మ చెయ్యి ఊగుతూనే ఉంది.

నేను ధర్మవరం తిరిగొచ్చేసరికి ఎర్రన్న అంగడి బయటే కాచుకుని ఉన్నాడు.

"ఏమాయ అయివారూ? హ్యాట్‌బాక్సన్న యాడ తేలినాడు? కడపలోనా?"

"లేదప్పా. సుంకమ్మ షోలాపురం తీసుకుపోయింది."

ఎర్రన్న నా మొహంలో నవ్వు కోసం వెతికాడు. దొరక్కపోయేసరికి పీట తీసుకుని దాని చోట పెట్టాడు.

ఆ తర్వాత కొన్నాళ్లు గోడ మూగబోయింది. అంత నిశ్శబ్దంలో నాకు పరీక్ష కాగితాలు దిద్దడం కూడా చేతకాలేదు. మధ్యాహ్నం గుంతకల్లు బండి కూత వేస్తే, ఆగడానికి అవతల మగ్గం లేదు. వాళ్లు ఎప్పుడొస్తారా అని ప్రాణం కొట్టుకునేది. నేను జన్మలో షోలాపురం చూసినవాణ్ణి కాదు, అక్కడ నాకెవరూ లేరు. అయినా ఆ కూత వింటే ఎటో పోవాలనిపించేది. ఒకరోజు ఉండబట్టలేక ఎర్రన్న అంగడికి పోయి, ఖాళీగా ఉన్న ఆ ముక్కాలిపీట మీద కూర్చున్నాను. నాకు తెలియకుండానే కాళ్లు ఆడాయి. "విచ్ ప్లాట్‌ఫారం ఫర్ బాంబే మెయిల్?" అని గొణుక్కున్నాను.

ఎర్రన్న టీ వడబోస్తున్నవాడు ఆగి, నా వైపు తిరిగాడు.

"ఇంగొగటి ఇడువు అయివారూ" అన్నాడు.